ఏడాది పాటు ఆఫ్రికా వెళ్లి ఇంజనీరింగు పని స్వచ్ఛందంగా చేద్దామనుకుంటున్నా. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గాజువాక కుర్రాడు, మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వయసు 33, సివిల్ చదివాను. పదేళ్లుగా అపార్ట్‌మెంట్లకి స్ట్రక్చరల్ డిజైన్లు గీస్తున్నా. పొద్దున లేస్తే అదే కాలమ్, అదే బీమ్. సాయంత్రానికి బిల్డరు ఫోను: "సార్, ఇంకో రెండు టన్నుల స్టీలు తగ్గుతుందేమో చూడండి." నా చేత్తో గీసిన బిల్డింగులు కూర్మన్నపాలెం నుంచి మధురవాడ దాకా ఉన్నాయి, ఒక్కదాంట్లోకి కూడా మళ్లీ అడుగుపెట్టలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో స్తంభాలన్నీ పడిపోయాయి. ఎక్కడో వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్లు మా అరుగు మీద పడుకుని, మా అమ్మ పెట్టిన పప్పన్నం తిని, కరెంటు ఇచ్చి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు మేము. అప్పటి నుంచీ మనసులో ఉంది, నాకొచ్చిన పని కూడా ఎవరికో అలా పనికిరావాలని.

ఏ సంస్థల ద్వారా వెళ్లాలి? ఖర్చు ఎవరిది? అసలు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు గీసేవాడితో అక్కడ పనేమైనా ఉంటుందా? మా ఆవిడ టీచరు, బాబుకి రెండేళ్లు.

పెందుర్తి గుంటడు, మంగళవారం రాత్రి 10:05

ఏటి బావూ, ఆఫ్రికా దాకా ఎందుకు? పాడేరు కనపడ్డం నేదా మీకు? అనంతగిరి అవతల ఊళ్లలో నేటికీ పురిటికి డోలీ కట్టి మోసుకొస్తన్నారు. వాన పడితే వాగు దాటనేరు. అది ఒగ్గేసి విమానం ఎక్కి సేవ సేస్తారంట! ఫోటోలు బాగా పడతాయి లెండి అక్కడ.

సిస్టర్ మధురవాడ, మంగళవారం రాత్రి 10:22

గుంటడు గారూ, ఆయన అడిగిందేమిటి, మీరన్నదేమిటి? అమెరికా వెళ్లి కోడింగు చేస్తానంటే పాడేరు గుర్తురాదు ఎవరికీ. జీతం లేకుండా వెళ్తానంటేనే గుర్తొస్తుంది.

పెందుర్తి గుంటడు, మంగళవారం రాత్రి 10:31

సిస్టరు గారు కొట్టారు దెబ్బ 😄 సరే, సదువుతుంటాను.

ఏయూ పాతకాపు, బుధవారం ఉదయం 6:15

తమ్ముడూ, నేను వెళ్లింది స్వచ్ఛందంగా కాదు, జీతానికే. అది ముందే చెప్పేస్తున్నా. ఇథియోపియాలో ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు పాఠం చెప్పాను. మన ఆంధ్రా యూనివర్సిటీ నుంచి, ఇతర కాలేజీల నుంచి అక్కడికి వెళ్లిన తెలుగు మాస్టార్లకు లెక్కలేదు. అక్కడి పిల్లలు వచ్చి మన క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేసి వెళ్తుంటారు. అంచేత మనవాళ్లకి ఆ ఖండం మరీ కొత్తేమీ కాదు.

ఒక్క సంగతి చెప్తా. మొదటి వారం డిపార్ట్‌మెంట్ మీటింగు మూడింటికి అన్నారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గది ఖాళీ. అక్కడ గడియారం తెల్లారి ఆరు నుంచి మొదలవుతుంది, మూడు అంటే మన తొమ్మిది. క్యాలెండరులో పదమూడు నెలలు. ఏ సంవత్సరమో అడిగితే మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక చెప్తారు. ఇంజెరా అనే పులిసిన అట్టు మాత్రం రెండో రోజుకే అలవాటైపోయింది. మన అట్టుకి అన్నలా ఉంటుంది.

నేనెవరికి ఏం నేర్పానో తెలీదు గాని, బల్ల మీద ల్యాబు పెట్టడం నేనే నేర్చుకున్నా. పరికరాలు లేవు. స్ప్రింగులు, సైకిలు చక్రాలు, ప్లాస్టిక్ సీసాలు. ఇప్పటికీ అవే వాడుతున్నా ఇక్కడ.

భీమిలి అల, బుధవారం ఉదయం 8:50

అన్నా, డబ్బు కట్టి వెళ్లే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. మా తమ్ముడు లక్షా అరవై వేలు కట్టి ఒక ఏజెన్సీ ద్వారా నేపాల్‌లో అనాథాశ్రమంలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లాడు. ఏజెన్సీ పేరు రాయను, మూసేశారని విన్నా. అక్కడికెళ్లాక తెలిసింది, ఆ పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువు చెప్పిస్తామని కొండల్లోంచి తీసుకొచ్చారు. విదేశీ వాలంటీర్లు వస్తుంటేనే ఆశ్రమం నడుస్తుంది, ఆశ్రమం నడవాలంటే పిల్లలు కావాలి. రెండు వారాలకోసారి కొత్త అన్నయ్య, కొత్త అక్క. వాడు నాలుగో రోజునే వచ్చేస్తానని ఏడ్చాడు ఫోన్లో.

ఇలాంటి వాటినే ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం కింద గుర్తించింది. పిల్లలతో "ఆడుకునే" సేవ ఎవరైనా అమ్మజూపితే పారిపోండి.

లెడ్జర్ లక్ష్మి, బుధవారం ఉదయం 11:30

గాజువాక గారూ, నేను చార్టర్డ్ అకౌంటెంటుని, ద్వారకానగర్లో ప్రాక్టీసు. యూఎన్ వాలంటీర్స్ సంగతి కొంచెం తెలుసు కాబట్టి రాస్తున్నా.

అది 1970లో ఐక్యరాజ్య సమితి పెట్టిన కార్యక్రమం, ఆఫీసు జర్మనీలోని బాన్‌లో. వాళ్ల వెబ్‌సైటులో ప్రొఫైలు పెట్టుకోవాలి, ఉన్న పోస్టులకి దరఖాస్తు చేసుకోవాలి. ఇంటర్నేషనల్ స్పెషలిస్టు అంటే 27 ఏళ్లు నిండి మూడేళ్ల అనుభవం ఉండాలి. ఎక్స్‌పర్టు అంటే 35 దాటి పదిహేనేళ్లు. పై హద్దు 80, అంచేత మన రిటైర్డు సార్లు ఎవరూ నిరుత్సాహపడక్కర్లేదు. జీతం అనరు గాని బతకడానికి నెలనెలా అలవెన్సు ఇస్తారు, ఆరోగ్య బీమా ఉంటుంది. ఏ దశలోనూ ఒక్క రూపాయి అడగరు. అడిగారంటే అది వాళ్లు కాదు.

కదలకుండా చేసేది కూడా ఉంది, ఆన్‌లైన్ వాలంటీరింగు. వారానికి 20 గంటలు మించకూడదు, 12 వారాల దాకా. నేను అలాగే ఒక రైతు సహకార సంఘానికి లెక్కల పుస్తకాలు సర్దిపెట్టా. రాత్రి పిల్లలు పడుకున్నాక పదింటి నుంచి. పెద్ద సేవేమీ కాదు. క్యాష్‌బుక్కులో రశీదు లేని ఎంట్రీలు నలభై దొరికాయి, వాటికి వోచర్లు రాయించా. వాళ్ల ఖజానాదారు మాత్రం నామీద కొన్నాళ్లు కోపంగా ఉన్నాడు 🙂

ఇంకోటి, మెద్‌సాన్ సాన్ ఫ్రాంటియేర్ (సరిహద్దులు లేని డాక్టర్లు) అంటే డాక్టర్లే అనుకుంటారు. 1971లో ఫ్రాన్సులో పుట్టిన సంస్థ, 1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్లకి నీళ్లు, పారిశుధ్యం పనివాళ్లు, లాజిస్టిక్స్ వాళ్లు, అకౌంటెంట్లు కూడా కావాలి. సివిల్ వాళ్లు చూడొచ్చు. జీతం ఇస్తారు, కానీ నగరంలో సంపాదనతో పోల్చుకోకండి.

బోరింగు బాబాయి, బుధవారం రాత్రి 8:10

కుర్రాడా, నీ పోస్టు మా అమ్మాయి చూపించింది. కళ్లజోడు పెట్టుకుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

గ్రామీణ నీటి సరఫరాలో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యాను. సర్వీసులో సగం మన్యం ఏజెన్సీలోనే. రిటైరయ్యాక ఒక చిన్న సంస్థ పిలిస్తే యుగాండాలో పది నెలలున్నా. టికెట్టు, గది, భోజనం వాళ్లవి. జీతం లేదు.

కంపాలా నుంచి రోజంతా ప్రయాణం చేసి ఆ ఊళ్లో దిగగానే నాకు కనపడిందేంటో చెప్పనా? మన బోరింగు. అదే పిడి, అదే గొలుసు, అదే మూడుకాళ్ల పీఠం. ఇండియా మార్క్ టూ. అక్కడ యూ2 అంటారు. మనం పంపుని బోరింగు అన్నట్టే వాళ్లు బోర్‌హోల్ అంటారు. అరకు సంతలో చిన్ననాటి స్నేహితుడు తగిలినట్టయింది నాకు.

దాని కథ మీ తరానికి తెలీదు. డెబ్భైలలో కరువొచ్చి దేశమంతా బోర్లు తవ్వారు, పోత ఇనుప పంపులు బిగించారు. అవి ఒక ఇంటివాళ్లు వాడుకునే పాశ్చాత్య పంపుకి నకళ్లు. ఊరంతా పొద్దస్తమానం కొడితే ఎన్నాళ్లు ఆగుతాయి? ఎక్కడ చూసినా విరిగినవే. సోలాపూర్లో మిషన్ వాళ్లు చేసుకున్న ఉక్కు పంపు ఒకటి గట్టిగా నిలబడితే, దాన్ని పట్టుకుని యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ కంపెనీ కలిసి మార్క్ టూ చేశాయి. పేటెంటు పెట్టలేదు. ఎవరైనా చేసుకోవచ్చు. అలా ఆఫ్రికాలో సగం దేశాలకి పాకింది.

సరే, అసలు సంగతికి వస్తా. ఊళ్లో పంపుంది, పనిచేస్తోంది, కానీ ఆడవాళ్లు పసుపు రంగు డబ్బాలు పట్టుకుని కిలోమీటరు దిగువనున్న చెలమకి పోతున్నారు. ఏమంటే నీళ్లు ఎర్రగా వస్తున్నాయి, బట్టలు పాడవుతున్నాయి, టీ నల్లబడుతోంది అన్నారు. నేనేం చేశాను? పెద్ద ఇంజనీర్ని కదా! గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో సోలార్ మోటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు, నాలుగు కుళాయిలు గీశాను. మూడు వారాలు పట్టింది. నీళ్ల కమిటీ పెద్ద ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి, బొమ్మంతా శ్రద్ధగా చూసి రెండు ప్రశ్నలు వేసింది. "మోటారు పాడైతే ఎవరు బాగు చేస్తారు? మీరెప్పుడు వెళ్తారు?"

బొమ్మ మడిచి సంచిలో పెట్టేశా.

మర్నాడు తెల్లారకముందే పంపు దగ్గరికెళ్లి, ఎవరూ కొట్టకముందు మొదటి నీళ్లు ఒక సీసాలో పట్టా. ఆపకుండా గంటసేపు కొట్టించి మళ్లీ ఒక సీసా పట్టా. మొదటిది ఎర్రగా ఉండి రెండోది తేటబడితే, ఆ ఇనుము భూమిలోది కాదు, పైపులది. రెండూ ఒక్కలాగే ఉంటే భూమిలోదే. మొదటి సీసా ఇటుకపొడి కలిపినట్టుంది, రెండోది తేట. నీటి పీహెచ్ 6.5 కంటే తగ్గితే, అంటే నీళ్లలో ఆమ్లం ఎక్కువైతే, జీఐ పైపుని (జింకు పూత వేసిన ఇనుప పైపు) రాత్రంతా నానబెట్టి తినేస్తుంది. పైపు పైకి లాగితే తెలిసింది, మర బిగించే చోట చేత్తో నలిపితే రాలిపోతోంది.

అంటే తప్పు మన పంపుది కాదు, అక్కడి నీటికి ఆ పైపు సరిపోదు. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు కావాలి, ఖరీదెక్కువ. చుట్టుపక్కల పదకొండు పంపులకి ఇదే పరీక్ష చేసి, ఏది తుప్పు, ఏది భూమిలో ఇనుము అని విడగొట్టి, కాగితం మీద పెట్టి వాళ్ల జిల్లా నీళ్ల ఆఫీసుకిచ్చాం. "చేశాం" అన్నానే, చేసింది అక్కడి పంపు మెకానిక్కులు. అక్కడ జిల్లాకో మెకానిక్కుల సంఘం ఉంటుంది. నేను సీసాల మీద చీటీలు అంటించా. నేనున్నన్నాళ్లలో మూడింటికి పైపులు మారాయి. మిగతా వాటి సంగతి ఆ కమిటీ పెద్దావిడ అప్పుడప్పుడు వాట్సాప్‌లో చెప్తుంది. ఇప్పటికి అయిదు.

నీ ప్రశ్నకి జవాబు: అపార్ట్‌మెంట్లు గీసేవాడితో అక్కడ పని లేదు. సీసా పట్టుకుని తెల్లారుజామున పంపు దగ్గర నిలబడేవాడితో ఉంది.

గాజువాక కుర్రాడు, బుధవారం రాత్రి 8:45

బాబాయ్, ఇది మూడుసార్లు చదివాను. కొంచెం సిగ్గేసింది కూడా. నేను మనసులో గీసుకున్నది సరిగ్గా ఆ సోలార్ ట్యాంకే.

బోరింగు బాబాయి, బుధవారం రాత్రి 9:02

సిగ్గెందుకురా. నా చిన్నప్పుడు మా ఊరికి ఒక అమెరికా కుర్రాడొచ్చాడు. కెనెడీ 1961లో పెట్టిన పీస్ కోర్ (అమెరికా సర్కారు స్వచ్ఛంద సేవకుల దళం) మనిషి. 1976 దాకా ఇండియాలో ఉండేవాళ్లు. కోళ్ల పెంపకం నేర్పడానికొచ్చాడు. మా నాన్నకి కోళ్ల గురించి ఏం నేర్పాడో గాని, మా నాన్న దగ్గర తెలుగు తిట్లన్నీ నేర్చుకుని పోయాడు. ఇరవై రెండేళ్ల వాడు, తెలీనిది తెలీదనేవాడు. అందుకే ఊళ్లో అందరికీ ఇష్టం. (పీస్ కోర్‌కి అమెరికా పౌరులే వెళ్లగలరు, మనం కాదు. ఎవరైనా అడుగుతారని చెప్తున్నా.)

సిస్టర్ మధురవాడ, గురువారం మధ్యాహ్నం 2:20

డ్యూటీ దిగాక రాస్తున్నా. నేను మలావీలో ఒక జిల్లా ఆసుపత్రిలో ఏడు నెలలు పనిచేశా, నవజాత శిశువుల వార్డులో.

ముందు మంచి సంగతి. అక్కడి న్సిమా అంటే మొక్కజొన్న పిండి సంకటే. పక్కన ఉసిపా అని చిన్న చిన్న సరస్సు చేపలు, ఎండబెట్టినవి. మూత తీయగానే జాలారిపేట ఎండు నెత్తళ్లు గుర్తొచ్చి కళ్లమ్మట నీళ్లొచ్చాయి నాకు. "జికోమో" అనే ఒక్క మాట వస్తే చాలు, థాంక్సుకీ అదే, కాస్త జరగండి అనడానికీ అదే.

ఇప్పుడు కష్టం సంగతి. మొదటి రెండు నెలలు నేను తప్పు చేశా. సెలైన్ పెట్టడం, బరువు చూడడం అన్నీ గబగబా నేనే చేసేసేదాన్ని. మన గవర్నమెంటు ఆసుపత్రి అలవాటు, ఒక్కరం నలభై మందిని చూస్తాం కదా. అక్కడి సిస్టర్లు పక్కన నిలబడి చూస్తుండేవాళ్లు. ఒకరోజు వాళ్ల ఇన్‌చార్జి నవ్వుతూనే అంది, "నువ్వు వెళ్లిపోయాక మాకు ఇద్దరు నర్సులు తక్కువైనట్టుంటుంది." పొగిడిందనుకుని సంతోషపడ్డా. గదికెళ్లాక అర్థమైంది.

తర్వాత నుంచి చేతులు కట్టుకోవడం నేర్చుకున్నా. అది నాకు ఇంజెక్షన్ కంటే కష్టం.

నేను తిరిగి తెచ్చుకుంది కంగారూ కేర్. తక్కువ బరువు పిల్లని తల్లి రొమ్ముకి చర్మానికి చర్మం ఆనించి కట్టడం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు. ఇక్కడ మనకీ ట్రైనింగులో చెప్పారు, కానీ మన వార్డుల్లో తల్లిని బయట కూర్చోబెడతాం. అక్కడ తల్లే వార్డు. చితెంజే గుడ్డతో ఎంత వాటంగా కడతారో! ఇప్పుడు నేను చీర కొంగుతో చూపిస్తున్నా ఇక్కడి తల్లులకి.

పనికొచ్చే ముక్కలు: టూరిస్టు వీసా మీద పనిచేయకూడదు, జీతం లేకపోయినా సరే. డాక్టర్లూ నర్సులూ ఆ దేశపు కౌన్సిల్లో తాత్కాలిక రిజిస్ట్రేషను చేయించుకోవాలి, దానికే నాకు మూడు నెలలు పట్టింది. పోలీసు క్లియరెన్సు మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా. యుగాండా లాంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. అది మన పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు, వీధి క్లినిక్కుల్లో దొరకదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి ఆ రూలు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. లేకుండా అలాంటి దేశం నుంచి తిరిగొస్తే మనవాళ్లే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి వాడండి. ఏజెన్సీలో పుట్టాం, మాకేం కాదు అనుకోవద్దు.

ఏయూ పాతకాపు, గురువారం సాయంత్రం 5:40

సిస్టరు గారి మాటకి ఒక తోక. శ్రీ వరి గుర్తుందా? మొక్కలు ఎడంగా, లేత నారు, నీళ్లు తక్కువ. అది ఫ్రెంచి పాదరీ ఒకాయన మడగాస్కర్ రైతులతో కలిసి 1983 ప్రాంతంలో పట్టుకున్న పద్ధతి. 2003లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కడి పొలాల్లో వేయించింది. ఆఫ్రికా పక్కనున్న దీవి నుంచి గోదావరి జిల్లాలకి వరి పాఠం! ఇది చెప్తే మా తాతగారు నమ్మేవారు కాదు.

పెందుర్తి గుంటడు, గురువారం రాత్రి 9:15

అందర్దీ సదివాను. మొదట నానన్నది కాస్త ఎటకారమే, ఒప్పుకుంటన్నాను. కానీ ఒక మాట. ఈయన ఎప్పుడూ కొండ మీద ఊరు సూసినట్టు లేరు. ఆళ్ల దేశం ఎల్లి ఆళ్ల మీద నేర్సుకోడం కంటే ఇక్కడే నేర్సుకోవచ్చు కదా? మా అత్తోరి ఊరు అనంతగిరి మండలంలో. ఊట నీళ్లు పైపుతో దింపిన గ్రావిటీ స్కీము ఉంది. ట్యాంకు పగిలిపోయింది, నీళ్లు రావట్లేదంటన్నారు. ఆదివారం ఎల్తన్నాను. వస్తారా?

బోరింగు బాబాయి, గురువారం రాత్రి 9:30

గుంటడా, నన్నూ ఎక్కించుకో. యుగాండా నైరుతిలో కబాలే వైపు కొండల్లోనూ ఈ గ్రావిటీ స్కీములే. ఇక్కడ చూసిన కుర్రాడికి అక్కడ కొత్తగా ఉండదు.

గాజువాక కుర్రాడు, గురువారం రాత్రి 9:34

వస్తున్నా. నా బండి తీస్తా.

సిస్టర్ మధురవాడ, గురువారం రాత్రి 9:50

మీ ఆవిడని అడిగారా? ఆదివారం గురించి కాదు, ఏడాది గురించి.

గాజువాక కుర్రాడు, సోమవారం రాత్రి 10:10

ముందు సిస్టరు గారి ప్రశ్న. అడిగాను. "ఏడాది వద్దు, ఆరు నెలలు. అదీ వచ్చే వేసవి సెలవులు కలిసేటట్టు, నేనూ బాబూ రెండు నెలలు వచ్చేటట్టు" అంది. దానికి ఒప్పుకునే పోస్టు దొరికితేనే. ఆఫీసులో జీతం లేని సెలవు అడిగా, "చూద్దాం" అన్నారు. అంటే ఇవ్వరనే అర్థం, అయినా చూద్దాం.

ఇక నిన్నటి సంగతి. బండి ఆగిన చోటి నుంచి గంటన్నర నడక. ట్యాంకు దగ్గరికి చేరగానే నా కన్ను పగులు మీద పడింది. నిలువుగా, మూలన, నాకు తెలిసిన రకం పగులే. స్కేలు తీశా, ఫోటోలు తీశా, ఏ మోర్టారు పెట్టాలో బాబాయికి లెక్చరిచ్చా. ఆయన చుట్ట వెలిగించుకుని "ఊఁ" అన్నాడు.

ఊరి పెద్దాయన ఒకరు ఇదంతా చూసి, ఏమీ అనకుండా నన్ను పైపు వెంబడి కొండ మీదికి తీసుకెళ్లారు. దారిలో పైపు ఒక మిట్ట ఎక్కి దిగుతుంది. సరిగ్గా ఆ మిట్ట నెత్తిన పైపుకి మేకుతో కన్నం పెట్టి, వెదురు పుల్ల బిగించి ఉంది. ఆయన పుల్ల లాగారు. బుస్సుమని గాలి, పాము బుసకొట్టినట్టు, నిమిషం పైనే. తర్వాత నీళ్లు చిమ్మాయి. పుల్ల మళ్లీ దిగ్గొట్టారు. కిందికొచ్చేసరికి ట్యాంకులో ధార పడుతోంది.

కాలేజీలో దీన్నే ఎయిర్ వాల్వ్ అంటారు, పరీక్షలో రెండు మార్కులకి రాశాను కూడా. పగులుంది నిజమే, నీళ్లు కారుతున్నాయి. కానీ నీళ్లు రాకపోవడానికి కారణం మిట్ట దగ్గర పైపులో చేరి అడ్డుపడిన గాలి. ఆ పుల్ల ఎప్పుడూ లాగేది ఈ పెద్దాయనే. రెండు వారాలు కూతురి ఊరెళ్లొచ్చారు, పుల్ల సంగతి ఇంకెవరికీ తెలీదు. ఇదీ అసలు "టెక్నికల్ సమస్య".

వచ్చే ఆదివారం అక్కడ నిజం వాల్వ్ బిగిస్తాం. ముప్పావు అంగుళంది, హార్డ్‌వేర్ షాపులో చూశా. పెద్దాయన మాత్రం పుల్ల కూడా ఉంచమన్నారు. వాల్వ్ ఇరుక్కుపోతే కావాలిగా అన్నారు. ఉంచుతున్నా.

లెడ్జర్ లక్ష్మి, సోమవారం రాత్రి 10:25

దరఖాస్తులో అనుభవం అనే చోట ఈ వెదురు పుల్ల రాయండి. ఐదంతస్తులు రెండో పేజీలో పెట్టండి.

పెందుర్తి గుంటడు, సోమవారం రాత్రి 10:40

మా అత్త అడగమంది, ఆ కళ్లద్దాల బావు మళ్లీ ఎప్పుడొస్తాడని. నాటుకోడి ఉంచిందట. నానెల్తే పప్పుసారే పెడతది 😐

బోరింగు బాబాయి, మంగళవారం ఉదయం 5:50

కుర్రాడా, నా పద్దెనిమిదంగుళాల పైపు రెంచి నీ బండి డిక్కీలో ఉండిపోయింది. అది 1986లో కొన్నది, జాగ్రత్త. ఆదివారం దాకా ఆగొద్దు, ఈ సాయంత్రమే తెచ్చివ్వు.

గాజువాక కుర్రాడు, మంగళవారం ఉదయం 7:05

ఆరింటికి వస్తా బాబాయ్. వస్తూ పోర్టు హెల్త్ ఆఫీసుకి కూడా వెళ్లి టీకా ఏ రోజుల్లో వేస్తారో కనుక్కుంటా.